గట్టయ్య రుజువుకు తెచ్చిన పాత వెలుగు

మహారాష్ట్ర అంచునున్న సిరోంచలో గట్టయ్యది నోరున్న బతుకు. నాట్ల కూలీలను కూడగట్టడం అతని పని. మడిలో నిలబడి కేకేస్తే ప్రాణహిత అవతలి ఒడ్డున కొంగలు లేస్తాయంటారు. ఆఫీసు గడప తొక్కితే మాత్రం ఆ గొంతు పిల్లికూన గొంతే. మనవరాలు రేఖకు నర్సింగు సీటు రావాలంటే కులం సర్టిఫికెట్ పెట్టాలి, దానికి గట్టయ్య తండ్రి పందొమ్మిది వందల యాభైకి ముందే ఇక్కడున్నట్టు రుజువు కావాలన్నారు. గుంట భూమి లేని మనిషికి కాయితం ఎక్కడిది?

అప్పుడే కాలేజీ గేటుకు మరాఠీ బ్యానరు కట్టారు: "ఆదిమ ప్రకాశాచే ధ్రువీకరణ". తొలినాటి వెలుగు మీద ఉపన్యాసం అది; వెలుగు అలలు ఒకే వాలుకు ఊగడాన్ని మరాఠీలో ధ్రువీకరణ అంటారు. గట్టయ్యకేం తెలుసు? ఏటి అవతల తెలంగాణలో, అతని అత్తగారి ఊళ్లో, ధ్రువీకరణ అంటే ముద్ర కొట్టి ఇచ్చే సర్టిఫికెట్. పోయి ముందు బెంచీలో కూర్చున్నాడు.

మాట్లాడింది మధులత. ఆ ఊరి పిల్లే, పుణెలో ఖగోళం చదువుతోంది. విశ్వం పుట్టిన కొత్తలో బయల్దేరిన వెలుగు ఇంకా వస్తూనే ఉందనీ, దారిలో కంటికి కనబడని బరువు దాన్ని వంచి, దాని వాలుల వరసను మెలిపెడుతుందనీ, ఆ మెలిక చూసే అక్కడేదో ఉందని నమ్ముతామనీ చెప్పింది.

గట్టయ్య లేచాడు. "బిడ్డా, గా ఎలుగు యాభైకి ముందటిదేనా?"

"శానా ముందటిది తాతా. పదమూడు వందల కోట్ల ఏండ్ల పైనే."

"ఇగనేం! మా అయ్య గూడ కాయితాల కనబడడు. గాని ఆయన ఏసిన గట్లు ఎటు వంగితే మడులన్ని గటే వంగినయి. జర రాసియ్యి!"

అందరూ నవ్వారు. మధులత నవ్వలేదు. ఆ పాత వెలుగే సాక్షిగా, గట్టయ్య తండ్రి కనబడకపోయినా ఉన్నాడని కాలేజీ కాయితం మీద రాసిచ్చింది.

ఆఫీసు గుమాస్తా విలాస్ దాన్ని శ్రద్ధగా చదివి, "వెలుగు ఒరిజినల్ జత చెయ్యలే. ఇయ్యాల్నే ఆఖరి రోజు" అన్నాడు.

గట్టయ్య మళ్లీ మధులత దగ్గరికి ఉరికాడు. "ఒరిజినల్ ఎప్పుడొస్తది బిడ్డా?"

"వస్తనే ఉంది తాతా. ఇప్పుడు గూడ మన మీద పడుతనే ఉంది."

ఆయాసపడుతూ తిరిగొచ్చి, "సాబ్, ఒరిజినల్ నీ మీదనే పడుతంది. తీస్కో!" అని అరిచాడు.

విలాస్ ఉలిక్కిపడి చొక్కా దులుపుకున్నాడు. ఆఫీసంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులోనే టైమైందని కౌంటరు కిటికీ మూసేశారు, రేఖ సీటు పోయింది. గట్టయ్య మెట్ల మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

వెంట వచ్చిన రేఖ చీర కొంగు నడుముకు దోపుకుంది.

"లే తాతా. రేపటి నాట్లకు ఒక మనిషి తక్కువంటివి గద, నేనొస్త."