సంఘం ఎలాంటిదో నా కళ్లతో చూద్దామని గోల్‌మురి వెళ్లాను

ముందు మీ అందరి ఒంట్లో ఎలా ఉందో చెప్పండి. విజయనగరం వదినా, మోకాలి నొప్పి తగ్గిందా? రాయగడ తమ్ముడూ, షుగర్ మాత్రలు మానేశావని విన్నాను, మానకు. ఖరగ్‌పూర్ కోడలు పిల్లా, నెలలు నిండుతున్నాయి, మెట్లు ఎక్కకు. పేరు చెప్పకుండా నా రాతలు చదివేవాళ్లూ బాగున్నారనే అనుకుంటాను. నాకు బీపీ ఉంది, కంగారూ ఉంది, రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి.

మేముండే పర్సుడీహ్ నుంచి ఊరికి ఆ చివరున్న గోల్‌మురి పెద్ద ప్రయాణమేం కాదు, అయినా నాకు వారం నిద్ర పట్టలేదు. అక్కడ మా చెల్లి పైడమ్మ ఉంది. కొన్నాళ్లుగా ఒక సంఘంలో తిరుగుతోంది, వాళ్ల గల్లీకి పెద్ద కూడా అయింది. పార్టీ కాదంటారు, కానీ వార్డు ఎన్నికల్లో తమ మనిషిని నిలబెడతారట. సారా దుకాణాలు ఎత్తెయ్యాలి, పిల్లలు పెద్దల మాట వినాలి, పెళ్లిళ్లు కులంలోనే జరగాలి అంటారు. అలా జరగని ఇంట్లో సంఘం వాళ్లు చెయ్యి కడగరు, అంటే ముద్ద ముట్టరు. మా మనవడు సంతోష్ చేసుకున్నది సునీత అనే సంతాల్ ఆదివాసీ పిల్లని. వాళ్ల బాబుకి ఆరో నెల వచ్చింది, అన్నప్రాసన చెయ్యాలి. మా ఇంట్లో పిల్లలందరికీ మొదటి ముద్ద పైడమ్మే పెట్టింది. ఈసారి ఫోన్లో అడిగితే "సూద్దాం అప్పా" అని పెట్టేసింది, అక్కనైన నన్ను అలాగే పిలుస్తుంది. మా అబ్బాయి ఆ సంఘాన్ని తిట్టిపోశాడు, పక్కింటావిడ పొగిడింది. ఎవరి మాట నమ్మాలో తెలీక నేనే బయల్దేరాను.

పొద్దున్న ఏడున్నరకి ఇల్లు కదిలాను, గ్యాస్ కట్టేశానో లేదో అని రెండుసార్లు వెనక్కి వెళ్లి మరీ. షేరాటోలో స్టేషన్ దాకా, అక్కడ మారి బర్మామైన్స్ మీదుగా గోల్‌మురి. రెండూ కలిపి నలభై రూపాయలు. రెండో ఆటో డ్రైవర్ని నాకొచ్చిన హిందీలో సంఘం గురించి అడిగాను. మలుపులో సారా కొట్టు వాళ్లే మూయించారట, అప్పటినుంచి తన అన్న తిన్నగా ఇంటికొస్తున్నాడట. కానీ ఆటోలో ఆడపిల్లా మగపిల్లాడూ కలిసి కూర్చుంటే ఆపి, వీళ్లెవరని అడుగుతారట. చివరికి నవ్వి "దాదీ, లోగ్ అచ్ఛే హై, థోడా జ్యాదా హీ అచ్ఛే హై" అన్నాడు. మంచోళ్లే, కాస్త ఎక్కువ మంచోళ్లు అని.

పైడమ్మ ఇల్లు బజారు వెనక సందులో. దాని మొగుడు, అదే మా మరిది, పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. నేను వెళ్లేసరికి సంఘం మగవాళ్లిద్దరు ఆయనకి స్నానం చేయిస్తున్నారు. రోజూ వస్తారట. ఒకాయన వీపు కింద చెయ్యి పెట్టి పట్టుకుంటే, ఇంకొకాయన కాలి వేళ్ల సందుల్లో కూడా తుడిచి పౌడరు అద్దాడు. "చాచా, ఈరోజు పెళ్లికొడుకులా ఉన్నావు" అంటే మా మరిది వంకర మూతితోనే నవ్వాడు. నేను దారి పొడుగునా కూడబెట్టుకున్న కోపం ఎక్కడికి పోయిందో తెలీలేదు.

వాళ్లు వెళ్లాక పైడమ్మ టీ గ్లాసు నా చేతికిచ్చి, "సుట్టాలు ఎవులొచ్చారప్పా నాకు? నీకు సాక్చీ బజారు దూరం గాదు గానీ, నా ఇల్లే దూరమేటి?" అంది. తరవాత అసలు సంగతి చెప్పింది. మా ఇంట్లో ముద్ద పెడితే వాళ్లు రావడం మానేస్తారని దాని భయం. "ఈ మనిసిని నానొక్కదాన్నీ ఎత్తలేను" అంది. ఆ మాట విని ఇంకో బీపీ మాత్ర వేసుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి పైడమ్మతో కలిసి పక్కనే ఉన్న అగ్రికో కాలనీలో సభకి వెళ్లాను. ఒక కంపెనీ క్వార్టర్ ముందు దుప్పట్లు పరిచారు, యాభైమంది దాకా ఆడవాళ్లు. వీళ్లది ఒక పద్ధతి ఉంది. ప్రతి ఇంట్లో వంటకి ముందు పిడికెడు బియ్యం పక్కన తీస్తారు. సభ రోజున అవన్నీ ఒక డ్రమ్ములో పోసి, ఆస్పత్రుల్లో రోగుల దగ్గర ఉండేవాళ్లకి వండి పెడతారు. ఈ సంగతి మా పక్కింటావిడ ముందే చెప్పింది, ఉత్త చేతులతో వెళ్లకూడదని నేనూ ఒక సంచీ బియ్యం తీసుకెళ్లాను. అందరూ దీదీ అని పిలిచే పెద్దావిడ, రిటైరైన టీచరట, నా సంచీ కళ్లకద్దుకుని డ్రమ్ములో పోసి, ఎవరు తీశారమ్మా అంది. మా ఇంట్లో వంట చేసేది సునీత. వారం రోజులూ గుర్తుపెట్టుకుని తీసింది తనే. నేను తీశానంటే సరిపోయేది, నోరు రాలేదు.

"మా మనవడి పెళ్లాం. సంతాల్ పిల్ల" అన్నాను.

ఆడవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరో వెనకనుంచి, ఇప్పుడేం చేస్తాం, కలిసిపోయాయిగా అన్నారు. దీదీ కోప్పడలేదు. తన మనవలకి ఇంటి భాష రాదని, పూజ తెలీదని, అన్నీ చేజారిపోతున్నాయనే ఈ కట్టుబాట్లని నెమ్మదిగా చెప్పింది. ఆ భయం నాకూ ఉంది, అదే చెప్పాను. "మా మనవడు తెలుగులో అడిగితే నాకు హిందీలో జవాబిస్తాడు దీదీ. ఆ పిల్లే నన్ను 'ఏటి మామ్మా, తిన్నావా' అని అడుగుతుంది." ఆ ఊపులోనే అడిగేశాను, మా చెల్లి మా ఇంట్లో తింటే మరిదికి స్నానం ఆపేస్తారా అని. "స్నానం ఆగదమ్మా, రోగితో మాకు పంతమేంటి. కానీ పైడమ్మ గల్లీ పెద్దగా ఉండడానికి లేదు" అంది. పైడమ్మ తల వంచుకుంది. నాకన్నా పదడుగులు ముందు నడిచి ఆటో ఎక్కించింది.

తిరుగు దారిలో ఒక అభిప్రాయానికొచ్చాను. చదువు లేనిదాన్ని, తప్పయితే చెప్పండి. మా మరిది ఒళ్లు తుడిచిన చేతులకి దణ్ణం పెడతాను. పిడికెడు బియ్యం తీయడం ఇకమీదట మా ఇంట్లోనూ ఆగదు. కానీ సునీత వండిన అన్నం ముట్టకూడదనే వాళ్లకి నా ఓటు వెయ్యను. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇముడుతున్నాయో నాకే తెలీదు, ఇముడుతున్నాయి. మీలో ఎవరైనా ఆ సభ చూడాలనుకుంటే మధ్యాహ్నమే వెళ్లి, ఐదున్నరకల్లా బయటపడండి. తరవాత ఫ్యాక్టరీ డ్యూటీ దిగేవాళ్లతో షేరాటోలు నిండిపోయి, గోల్‌మురి చౌక్‌లో నిలబడిపోతారు.

ఈ పొద్దున్న పైడమ్మ ఫోన్ చేసింది. గల్లీ పెద్ద దగ్గరుండే బియ్యం డబ్బా తన పక్కింటావిడకి అప్పజెప్పేసిందట. మా మరిది దగ్గర అన్నప్రాసన పూటకి సంఘం ఆయనే ఉంటానన్నాడట. "అన్నం మెత్తగా వండమను ఆ సునీత గుంటని. కార్తీకం మొదటి ఆదివారం, పదింటికల్లా వత్తన్నా" అంది.