అత్త నా చెవిలో చెప్పిన అర్థాలు

మా చిన్నప్పుడు... చిలకలగూడ ఇంట్లో, ఎండాకాలం సెలవుల్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక నాన్న పాత నిఘంటువు తీసేవాడు. ఫుట్‌పాత్ మీద కొన్నది, అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం. బయట కాలు పెడితే మాడిపోయే ఎండ... లోపల గచ్చు మీద నీళ్లు చల్లుకుని అమ్మ, తమ్ముడు, అత్త, నేను గుండ్రంగా కూర్చునేవాళ్లం.

నాన్న ఎవరికీ తెలియని పదం ఒకటి ఏరి చెప్పేవాడు. మేం దానికి ఉత్తుత్తి అర్థం కల్పించి చీటీ మీద రాసి, వెనక పేరు పెట్టి ఇవ్వాలి. అసలు అర్థాన్ని కూడా వాటిలో కలిపి నాన్న అన్నీ ఒకే గొంతుతో చదివేవాడు. ఎవరి అబద్ధాన్ని నమ్మితే వాళ్లకు ఒక చింతగింజ ఇచ్చుకోవాలి... అంతే ఆట.

అత్త అంటే నాన్నకు అక్క. మామయ్య పోయాక, కూతురి పెళ్లి చేసి మా దగ్గరికి వచ్చేసింది. చదువు రాదు. అందుకని తన అర్థం నా చెవిలో చెప్పేది, నేను రాసేదాన్ని. వక్కపలుకు వాసన, చెవికి వెచ్చగా తగిలే ఊపిరి... "రాయి బిడ్డా" అనేది.

ఒకరోజు పదం 'జంబాలం'. నాకేమీ తోచక, ఒక రకం ఏనుగు అని రాసుకున్నాను. అత్త నా చెవిలో చెప్పింది... "బియ్యం కడిగిన నీళ్లు కదపకుండ పెడితే అడుగున తెల్లగ పేరుకుంటది సూడు... గదీ."

అంత అచ్చంగా ఉంది ఆ మాట! రోజూ తమ్ముడే గెలుస్తున్నాడన్న ఉక్రోషం నాకు... ఆ చీటీ వెనక నా పేరు రాసేశాను. ఏనుగు చీటీ వెనక అత్త పేరు పెట్టాను.

అమ్మా తమ్ముడూ బియ్యం నీళ్లనే నమ్మారు. జంబాలం అంటే బురద అని నాన్న చెప్పాక అమ్మ నోరు వెళ్లబెట్టింది. ఏనుగు చీటీ తిప్పి పేరు చదవగానే తమ్ముడు పడి పడి నవ్వాడు.

"ఏనుగేందత్తా!"

అత్త నా వైపు చూసింది... ఒక్కసారే. తర్వాత తనూ నవ్వింది. "నాకేమెరుక బిడ్డా... మీరు చదువుకున్నోళ్లు."

చెప్పేస్తుందేమో అనుకున్నాను. చెప్పలేదు. తనూ నమ్మినట్టే నటించి, తన చింతగింజ ఒకటి నా చేతిలో పెట్టింది కూడా.

పోనీ అక్కడితో బుద్ధి తెచ్చుకున్నానా... లేదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు, అత్త మర్నాడు కూడా నా చెవిలోనే చెప్పింది. దర్దురం అంటే కొత్త గాజులు ఎక్కించేటప్పుడు చేతి మీద పడే ఎర్రటి గీత అంది. అదీ నాదైపోయింది. ఆ సెలవులన్నీ అంతే. నా చింతగింజల డబ్బా నిండిపోయింది, అత్త ముందు ఎప్పుడూ ఖాళీ గచ్చే.

చుట్టాలొస్తే నాన్న మురిసిపోయేవాడు. "మా పోరికి మాటలు మస్తొస్తయ్... తెలుగు టీచరైతది సూడుర్రి."

అయ్యాను. కార్ఖానా ఏరియాలో ఒక బడిలో పాతికేళ్లుగా చెబుతున్నాను. మేడమ్ చెబితే కళ్లకు కట్టినట్టు ఉంటుందని పిల్లలంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఎందరి చేతో అక్షరాలు దిద్దించాను... అత్తకు ఒక్క అక్షరం నేర్పలేదు. చేసిన పని ఒప్పుకోనూ లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నలభై ఏళ్లు గడిపేశాను.

ఇప్పుడు అత్త యాప్రాల్‌లో వాళ్లమ్మాయి, మా వదిన దగ్గర ఉంటుంది. రెండేళ్ల కింద జ్వరమొచ్చి చెవులు పూర్తిగా పోయాయి. మిషన్ పెట్టినా లాభం లేకపోయింది.

పోయిన ఆదివారం వెళ్లాను. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను... ఏనుగు సంగతి, గాజుల సంగతి... ఏడుస్తూనే. అత్త నా కళ్లు తుడిచి "ఏమైంది బిడ్డా? ఇంట్ల ఏమన్న తక్లీఫా?" అని అడిగింది.

వినబడదు కదా అని సంచీలోంచి కాగితం, పెన్ను తీశాను. 'అత్తా' అని రాశాక చెయ్యి ఆగిపోయింది. ఎవరు చదువుతారని రాస్తున్నాను?

కాగితం చూడగానే అత్త ముఖం వెలిగిపోయింది. నా మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. అదే వక్కపలుకు వాసన...

"రాయి బిడ్డా... ఇయ్యాల పదమేంది?"

ఏమని చెప్పను... ఎట్లా చెప్పను? తను నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూస్తూనే ఉంది.

ఈ నాలుగు ముక్కలు బాగున్నాయని ఎవరికైనా అనిపిస్తే, ఆ మెప్పు నాది కాదు. మీ చెవిలో మాట చెప్పినవాళ్లు మీకూ ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద రాయండి, అన్నీ చదువుతాను... కానీ వాళ్లకు ఇంకా వినపడుతుంటే మాత్రం, ముందు వెళ్లి వాళ్లకు చెప్పి రండి.