పడుకోవలసిన అణువులు

ఆ ఉత్తరం నేనే రాశాను. ఎవరూ పక్కన కూర్చుని రాయించలేదు.

ఒడిశా కోరాపుట్‌లో నేను పరిశోధన చేసే చోట ఒక ఉక్కు పెట్టె ఉంది. అందులో గాలంతా తోడేసి నీలం రంగు పొడిని వేడి చేస్తే, ఆవిరై పైనున్న గాజు ముక్క మీద పల్చటి పొరలా పేరుకుంటుంది. ఊరికే వదిలేస్తే పళ్లేల్లాంటి ఆ అణువులు గాజు మీద అంచులపై నిలబడతాయి. నాకు అవి పళ్లేలు పరిచినట్టు పడుకోవాలి. సోలార్ పలకలో కరెంటు అప్పుడే సాఫీగా పారుతుంది. అందుకని ముందు రాగి అయొడైడ్‌ని పల్చగా పరిచి, దాని మీదికి నీలం పొడిని నెమ్మదిగా రానిచ్చేదాన్ని. మూడేళ్లు ఈ పడుకోబెట్టే పనే.

ఆ పెట్టెను చూసుకునే టెక్నీషియను మా రాయగడ తెలుగాయనే. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తేనే ఆయనకు ఉద్యోగం. బాబాయ్ అని పిలిచేదాన్ని. విశ్వకర్మ పూజనాడు పెట్టెను నడపనివ్వకుండా తుడిచి, తలుపుకి పసుపూ కుంకుమా పెట్టి, అగరొత్తులు వెలిగించాడు. మర్నాడు నేను చేసిన పొరల్ని ఎక్స్‌రేలో చూస్తే అణువులన్నీ నిలబడే ఉన్నాయి.

అగరొత్తుల పొగే పాడుచేసిందని ఒళ్లు మండిపోయింది. అందరి ముందూ బాబాయ్‌ని కడిగేశాను.

"గది లోపల ఎలిగించనేదమ్మి. గుమ్మం అవతలే పెట్టేను," అన్నాడు.

"మీ బక్తికి నా పనంతా నాశనమైపోనాది," అన్నాను.

అక్కడితో ఆగానా? ఫిర్యాదు ఉత్తరం రాసి మా గైడ్ చేతికిచ్చాను. ఆయన అదే రోజు పైకి పంపాడు. ఆ నెలాఖరుకి గడువు తీరిన బాబాయ్ కాంట్రాక్టు పొడిగించలేదు. తగిన శాస్తి జరిగిందనుకున్నాను కూడా, ఎందుకు దాచాలి.

కొత్త టెక్నీషియను వచ్చాడు. పూజ లేదు, పొగ లేదు. అణువులు మళ్లీ నిలబడ్డాయి. మూడోసారీ అంతే. అప్పుడుగాని కడిగిన గాజు ముక్కలు దాచే డబ్బాని ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలని నాకు తోచలేదు. గుప్పున మల్లె అగరొత్తి వాసన. రాయగడలో మా నాన్నది పూజసామాన్ల కొట్టు. పాత డబ్బా పగిలితే, అగరొత్తులు అయిపోయిన డబ్బా ఒకటి కొట్లోంచి నేనే తెచ్చుకున్నాను, పూజకి వారం ముందు. ఆ వాసనలోనే పుట్టి పెరిగిన ముక్కు కదా, దానికది ఇన్నాళ్లూ వాసనలా అనిపిస్తేనా! డబ్బాకి అంటిన అత్తరు నూనె గాజుకి పట్టి కింది రాగి అయొడైడ్ పొరని సరిగా పరుచుకోనివ్వలేదు. డబ్బా మార్చాను. అణువులు బుద్ధిగా పడుకున్నాయి.

జరిగిందంతా రెండో ఉత్తరంలో రాశాను. గైడ్ చదివి సొరుగులో పడేశాడు.

"అయిపోయిన విషయం. ఇప్పుడు తిరగదోడితే నీ థీసిస్‌కే మచ్చ," అన్నాడు.

మొదటిదానికి ఉన్న తొందర రెండోదానికి ఏమైంది? ఆ మాట ఆయన్ని అడగలేదు. బాబాయ్ మీద అంత గొంతు లేపినదాన్ని, ఆ గదిలో తల ఊపి వచ్చేశాను. ఆ ఊపిన తల మీద నాకు ఇప్పటికీ కోపమే.

థీసిస్ ఇచ్చేశాక రాయగడ వెళ్లాను. బాబాయ్ ఒక మోటార్ల రిపేరు షాపులో చేరాడు. నల్లటి చేతులతో బయటికి వచ్చాడు. డబ్బా సంగతి చెప్పి, రెండో ఉత్తరం నకలు చేతిలో పెట్టాను. గుడ్డకి చేతులు తుడుచుకుని మొత్తం చదివాడు.

"తిట్టండి బాబాయ్," అన్నాను.

"తిడితే నీ బరువు దిగిపోతాది. నాను తిట్టను," అన్నాడు. కాగితం తిరిగి ఇచ్చేశాడు. "ఇది నాకేటికమ్మి సూపిస్తావు? నా ఉజ్జోగం తీసినోలకి సూపించు."

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నేను కాగితం మడిచి మళ్లీ సంచిలోనే పెట్టుకున్నాను. డిగ్రీ ఇంకా చేతికి రాలేదు మరి.