సక్కుబాయి చిల్లుగరిటె

స్వరూప నెమ్మదస్తురాలు. మా పోస్టాఫీసులో పార్సిళ్ల కౌంటరు ఆమెది, పొదుపు ఖాతాల కౌంటరు నాది. మధ్యలో ఒక అద్దం. ఆ అద్దం అవతల ఆమె ఎవరి మీదా గొంతు పెంచగా నేను చూడలేదు. అలాంటి మనిషి ఒక రోజు కౌంటరు మీదుగా సగం దాకా బయటికి వంగి, పార్సిలు తీసుకోవడానికొచ్చిన పిల్ల చేతిలోని పుస్తకాన్ని గట్టిగా పట్టుకుని, "అరే, పెట్టెపిశాచి కండ్లేమైనయ్?" అని అరిచింది.

లైన్లో ఉన్నవాళ్లంతా ఒక అడుగు వెనక్కి వేశారు. పింఛను కోసం వచ్చిన పెద్దాయనైతే తన కళ్లద్దాలు ఉన్నాయో లేదో తడుముకున్నాడు.

ఆ పిల్ల మాత్రం బెదరలేదు. పేరు శ్రీహిత. మాదన్నపేట మార్కెట్లో బెల్లం హోల్‌సేల్ దుకాణం వాళ్ల అమ్మాయి, డిగ్రీ చదువుతోంది. ఆత్రం ఆపుకోలేక పార్సిలును కౌంటరు దగ్గరే విప్పేసింది. లోపలున్నది లావుపాటి పుస్తకం. అట్ట మీద నోరు తెరిచిన భోషాణం, దానికి పళ్లు, ఇంత పొడుగు నాలుక.

"కొత్త రూల్స్‌ల కండ్లు తీసేసిన్రు ఆంటీ. ఇప్పుడది వాసన పట్టి మనుషులను గుర్తుపడ్తది," అని చెప్పి, అప్పుడు ఆశ్చర్యపోయింది. "మీకెట్ల తెల్సు? మీరు ఆడ్తరా?"

"ఆడ్త," అంది స్వరూప. పుస్తకం వదిలేసి, "ఆడుతుంటి," అని దిద్దుకుంది.

ఆ ఆట ఏమిటో మధ్యాహ్నం టిఫిను డబ్బాల దగ్గర నాకు చెప్పింది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు: ఇదిగో గుహ, ఇడుగో రాక్షసుడు అని. మిగిలినవాళ్లు తలా ఒక వేషం కట్టుకుంటారు, అదీ నోటితోనే. కత్తి దూశానంటే దూసినట్టే. దెబ్బ తగిలిందా లేదా అన్నది మాత్రం పాచిక చెప్పాలి. ఆ పాచికకు ఇరవై ముఖాలు. ఏ రాక్షసుడికి ఎంత బలం, ఏ మంత్రపు వస్తువుకు ఎంత మహిమ, అన్నీ పుస్తకాల్లో ఉంటాయి. కొన్నేళ్లకోసారి ఆ పుస్తకాలు రాసేవాళ్లు కూర్చుని రూల్సన్నీ మార్చేస్తారు.

"మన సర్క్యులర్ల లెక్కనే," అన్నాను.

"గంతే అక్కా. కాని వీటిని జనం చదువుతరు."

స్వరూప ఇల్లు దబీర్‌పురా స్టేషను వెనక సందులో. తండ్రి ఇశ్రాయేలు రైల్వేలో పనిచేసి పోయాడు, తల్లీ పోయింది. తమ్ముడు ప్రేమ్‌రాజ్ పెళ్లికి ముందు స్నేహితులను పోగేసి ముందుగదిలో ఈ ఆట నడిపేవాడు. స్వరూప వంటింట్లోంచి మిర్చీ బజ్జీలు వేసి పంపేది. ఒక ఆదివారం ఒకడు రాకపోతే ఆ కుర్చీలో ఈమెను కూర్చోబెట్టారు. వాళ్లంతా నోరు తిరగని ఇంగ్లీషు పేర్లు పెట్టుకుంటే, ఈమె తన వీరనారికి నాయనమ్మ పేరు పెట్టింది: సక్కుబాయి. కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. నవ్వి, సక్కుబాయికి కత్తికి బదులు ఒక మంత్రపు చిల్లుగరిటె ఇచ్చారు. ఎత్తి విదిలిస్తే నిప్పులు కురుస్తాయట.

"మస్తు సంబురమైంది అక్కా. కాని ఎంతమంది మీదవడ్డా సక్కుబాయి సావకపోయేది. రాక్షసుడు మీదికొస్తే మా తమ్ముడు పాచికకు చెయ్యడ్డం పెట్టి ఏస్తుండె. తగల్లేదక్కా అంటుండె. నేను సస్తే మిర్చీలు బందైతయని వాళ్ల ఫికర్." పెరుగన్నం కలుపుతూ నవ్వింది. "నేను ఆటల అరటిపండును."

తర్వాత ప్రేమ్‌రాజ్‌కు కాజీపేట బదిలీ అయింది, పెళ్లయింది. స్నేహితులు చెదిరిపోయారు. ముందుగదిలో బల్ల మిగిలింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, ఒక్కతే ఇంత తిని, స్వరూప ఆ బల్ల ముందు కూర్చునేది.

"ఒక్కదానివే ఎట్ల ఆడ్తవ్?" అని అడిగాను.

"సక్కుబాయి తరఫున ఓసారి, రాక్షసుని తరఫున ఓసారి, రెండు నేనే ఏస్త."

"ఎవరు గెలుస్తరు?"

డబ్బా మూత పెడుతూ ఆలోచించింది. "ఎవ్వరు గెల్వరు. ఆణ్ని గూడ సంపబుద్ధి గాదక్కా. పొద్దుగూకంగ ఇద్దర్ని ఇండ్లకు పంపిస్త."

నేను నీళ్ల సీసా మూత తీయడంలో చాలా శ్రద్ధ పెట్టాను.

శ్రీహిత మంచి పిల్ల. ఆదివారం తమ గదికి వచ్చి ఆడమని పిలిచింది, అందాకా చదువుకోమని కొత్త పుస్తకం కూడా ఇచ్చిపోయింది. స్వరూప ఆ పుస్తకాన్ని పుట్టింటి కబుర్లు చదివినట్టు చదివింది. పార్సిలుకూ పార్సిలుకూ మధ్య అద్దం కొట్టి నాకు సమాచారం అందించేది. "బావిపాముకు విషం తగ్గించిన్రు, పాపం." "రాతిమనిషికి ఇప్పుడు ఈతొస్తదంట." ఒక మధ్యాహ్నం మాత్రం అద్దం కొట్టలేదు. పుస్తకం తెరిచిపెట్టుకుని అలాగే కూర్చుంది. నేనే వెళ్లి అడిగాను.

"పాత రూల్ల, ఎవరన్న పడిపోతే పక్కనున్నోళ్లు పేరు పెట్టి పిలిస్తే సాలు, లేస్తుండె. గా రూల్ తీసేసిన్రు. ఇప్పుడు పడ్డోళ్లే పాచిక ఏస్కోవాలె. పది దాటితె బతుకు, లేకుంటె లేదు. ఎవరు పిలిచినా లాభం లే."

"పాతదే బాగుండె," అన్నాను.

"కొత్తదే సక్కగుంది," అంది, నన్ను చూడకుండా. "ఈసారి నేను నిజంగ ఆడ్తనక్కా. అరటిపండుగ గాదు. దెబ్బ వడితె వడనీ. నువ్వు గూడ రా. ఒక్కదాన్నే వోతే ఎవరి అమ్మనో అనుకుంటరు."

"నేనొస్తే ఇద్దరమ్మలొచ్చిన్రనుకుంటరు."

అయినా వెళ్లాను. ఆ రోజు స్వరూప గంజి పెట్టిన చీర కట్టుకుని, చేతిలో తన పాత పాచిక బిగించి పట్టుకుని, పరీక్షకు వెళ్లే పిల్లలా నడిచింది.

గది బెల్లం గోదాం పైన. నిచ్చెనలాంటి మెట్లెక్కి వెళ్తే ఒక పాత బల్ల, శ్రీహిత, పక్క ఉల్లిగడ్డల దుకాణం వాళ్ల వరుణ్, వాళ్ల స్నేహితురాలు పూజిత. ఇద్దరమూ లోపలికి రాగానే ముగ్గురూ లేచి నిలబడ్డారు. అలా లేచి నిలబడటమే స్వరూపకు నచ్చలేదని ఆమె మెడ చూస్తే తెలిసింది.

బల్ల మీద గిన్నెలో తేనెరంగు ముక్కలు మెరుస్తున్నాయి. బెల్లం వాళ్ల ఇల్లు కదా, మర్యాద చేశారనుకుని నేనొకటి తీసి నోట్లో వేసుకున్నాను. కరగలేదు. కొరికాను.

"ఆంటీ, ఆంటీ! అది డైస్!" అంది పూజిత.

అరచేతిలోకి ఉమ్మేశాను. వరుణ్ వంగి చూసి, "నైన్టీన్ పడ్డది ఆంటీ, మస్తు!" అన్నాడు. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అనలేదు కానీ, ఆట అయ్యేదాకా ఆ గిన్నె నాకు అందనంత దూరంలోనే ఉంది.

ఆట మొదలైంది. శ్రీహిత తన ముందు ఒక అట్టముక్క నిలబెట్టి, దాని వెనక పాచిక వేస్తూ కథ చెప్పింది. సక్కుబాయి గరిటె భుజాన వేసుకుని గుహలోకి నడిచింది. కొంగు బిగించింది, గబ్బిలాల మీద నిప్పులు కురిపించింది, వరుణ్ వేషాన్ని ఒక గోతిలోంచి జుట్టు పట్టి లాగింది. స్వరూప గొంతు నేను ఆఫీసులో ఎన్నడూ వినని గొంతు. "జరుగు బిడ్డా, నీతోని గాదు!" అంటే వరుణ్ నిజంగానే కుర్చీ వెనక్కి జరిపాడు.

గుహ చివర ఒక భోషాణం ఉంది. మూత సందులోంచి ఊపిరి వస్తోందని శ్రీహిత చెప్పింది.

"పెట్టెపిశాచి!" స్వరూప లేచి నిలబడింది. "గరిటె కింద వడేస్తున్న. కొంగు తీసి దాని కండ్ల మీద కప్పుతున్న!"

కింద తూకం వేసేవాడి అరుపు వినిపించింది.

"ఆంటీ," అంది శ్రీహిత మెల్లగా, "దానికి కండ్లు లేవు."

ఆ కళ్లేమయ్యాయని లైనంతా వినేలా అరిచింది ఈవిడే. ఆ వారమంతా పుస్తకం చదివిందీ ఈవిడే. చేతికి మాత్రం పాత అలవాటు. స్వరూప మెల్లగా కూర్చుంది. శ్రీహిత పాచిక వేసింది. నాలుక వచ్చింది, సక్కుబాయిని చుట్టేసింది, సక్కుబాయి పడిపోయింది.

"సక్కుబాయీ!" అని వరుణ్ అరిచాడు. "పేరు పెట్టి పిల్చిన! పాత రూల్!"

శ్రీహిత నా వైపు చూసింది, పూజిత వైపు చూసింది. "సరే, ఆంటీకి పాత రూల్ పెడ్దాం. ఫస్ట్ టైమ్ గదా."

స్వరూప తల వంచుకుంది. మాట గొణిగినట్టు వచ్చింది. "మల్ల అరటిపండేనా?"

"అరటిపండా?" వరుణ్ గబుక్కున లేచాడు. "షుగర్ డౌనైందా ఆంటీ? కిందనే పండ్ల బండి ఉంది, ఆగుండ్రి!" ఎవరైనా నోరు తెరిచేలోపు మెట్లు దూకుతూ వెళ్లిపోయాడు.

అతను డజను పళ్లతో రొప్పుతూ తిరిగొచ్చేసరికి స్వరూప నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. మిగిలిన ఇద్దరమ్మాయిలూ ఏం చేయాలో తెలియక కూర్చున్నారు.

"తినే పండు గాదు బిడ్డా," అని నేనే చెప్పాల్సి వచ్చింది. "చిన్నపిల్లలను ఆటలో చేర్చుకుంటరు చూడు, వాళ్లు ఎన్నటికీ ఔటవ్వరు, వాళ్లను ఎవ్వరూ లెక్కపెట్టరు. అట్లాంటోళ్లను అరటిపండంటరు."

"అరే, కచ్చా లింబూ!" అన్నాడు వరుణ్. చేతిలోని పళ్ల వైపు చూసుకున్నాడు. "సారీ ఆంటీ."

"నయం, నిమ్మకాయలు తేలే," అంది స్వరూప. ఆ తర్వాత శ్రీహిత వైపు తిరిగింది. "నన్ను లెక్కల వెట్టు బిడ్డా."

శ్రీహిత ముందున్న అట్టముక్కను తీసి పక్కన పడేసింది. గొంతు సవరించుకుంది. "సక్కుబాయి నేల మీద పడి ఉంది. కొత్త రూల్. మీరే ఎయ్యాలె. పది దాటాలె."

స్వరూప తన పాత పాచికను రెండు చేతుల మధ్య ఊపి వేసింది. అది బల్లంతా తిరిగి, అరటిపళ్లకు తగిలి ఆగింది. మూడు.

అట్ట లేదు. అందరికీ కనిపిస్తోంది.

"సక్కుబాయి పోయింది," అంది శ్రీహిత.

ఎవరూ నవ్వలేదు. వరుణ్ దినాలకు వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకెందుకో ముక్కు కారింది, బెల్లం దుమ్మేమో.

కాసేపటికి పూజిత భయపడుతూ అడిగింది. "ఆంటీ, ఆ గరిటె... నేను తీస్కోవచ్చా?"

"తీస్కో. కొసకు పట్టు బిడ్డా, మొదట్ల కాలుతది."

లేచేటప్పుడు శ్రీహిత మెట్ల దాకా వచ్చింది. "వచ్చే ఆదివారం కొత్త మనిషిని చేస్కొని రాండ్రి ఆంటీ. కాని మొదటి మెట్టు నుంచి. గరిటె గూడ ఉండదు."

"ఉండొద్దు," అంది స్వరూప. చాలా తృప్తిగా అంది.

మార్కెట్ దాటి దబీర్‌పురా వైపు నడిచాం. అరటిపళ్ల సంచి నా చేతిలో. స్వరూప నడుస్తూనే కాజీపేటకు ఫోను కలిపింది. స్పీకరు పెట్టింది, నేనూ వినాలని కాబోలు.

"తమ్మీ, సక్కుబాయి సచ్చిపోయింది రా."

అటు వైపు రైలు కూత. "ఎవరు?"

"సక్కుబాయి."

"నాయినమ్మ పోయి ఎన్నేండ్లాయెనే? ఇప్పుడేంది? అక్కా, నీ పానం బాగనే ఉందా?"

స్వరూప నడక ఆగింది. "బాగనే ఉంది. ఊకనే చేసిన. పని చేస్కో," అని పెట్టేసింది. నాలుగడుగులు వేశాక, "వానికి యాదికి లేదక్కా," అంది.

వాళ్ల సందు మొదట్లో నేను ఆటో కోసం ఆగాను. ఆమె పళ్లలోంచి రెండు తుంపుకుని, మిగతావి నాకే వదిలేసింది.

"ఆదివారం ఇంటికొస్తే ఆమె ఉంటుండె," అంది. "ఇయ్యాల ఎవ్వరు లేరు."

వెళ్లి తాళం తీస్తోంది. ఆటో వచ్చి ఆగింది. ఎక్కబోతూ, ఏమీ ఆలోచించకుండానే పిలిచాను. "స్వరూపా!"

తిరిగింది. "ఏందక్కా?"

"రేపు డబ్బా తేకు. మిర్చీలు నేను తెస్త."

"నీకు మిర్చీలు ఏడొస్తయ్?"

"రావు. పది దాటితె దాటినట్టు."

పెద్దగా నవ్వింది. తలుపు వేసుకుంది. ముందుగదిలో లైటు వెలిగింది. ఆదివారం పూట ఆ లైటు చాలాసేపు వెలిగే ఉండేదని ఆమె ఎప్పుడో చెప్పింది. ఆటో తిరిగేలోపే అది ఆరిపోయి, వెనక వంటింట్లో వెలిగింది.