ఎవులాలియా ఫిర్యాదు

ఎవులాలియా ఇరవై రెండేళ్లప్పుడు నర్సు సహాయకురాలి చదువు చెప్తామన్న ఒక ప్రైవేటు స్కూల్లో చేరింది. పది నెలలు గడిచాక ఒక సోమవారం వెళ్లి చూస్తే తలుపులకు గొలుసు వేసి ఉంది. లోపల బల్లలు కూడా లేవు. ఆ పది నెలల చదువు ఎక్కడా చెల్లదని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఆమె ఎవరి మాటనూ మాటగా తీసుకోవడం మానేసింది. పీచ్ పళ్లు పెట్టెలకెత్తే షెడ్డులో జీతం చీటీని కూడా వెలుతురుకెత్తి చూసేది. తోటి ఆడవాళ్లు నవ్వుకునేవారు.

అలాంటి మనిషి ముప్పై రెండో ఏట ఊళ్లోని రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరడమే విశేషం. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే టీచరవ్వాలని ఆమె కోరిక. క్లాసుకు ఇన్నని యూనిట్లు లెక్కగడతారు, అక్కడ అరవై యూనిట్లు పూర్తి చేస్తే యూనివర్సిటీలో నేరుగా మూడో ఏట చేరవచ్చు. పళ్ల సీజన్లో సాయంత్రం క్లాసులు, సీజన్ లేనప్పుడు పగటి క్లాసులు. మధ్యలో పెళ్లి, ఒక కూతురు. రెండేళ్ల చదువుకు ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లలో కౌన్సెలర్లు నలుగురు మారారు. ఒకాయన ఆమె చదివిన గణాంకాల క్లాసే చాలన్నాడు. తర్వాత వచ్చినావిడ అది చెల్లదు, ఇంకోటి తీసుకోమంది. కాలేజీకి తలకాయల లెక్క కావాలి, అందుకే తనను వదలడం లేదని ఎవులాలియా తేల్చుకుంది.

ఐదో కౌన్సెలర్ మై వాంగ్ అనే పిల్ల, ఆసియా నుంచి వలసొచ్చిన హ్మాంగ్ జాతివాళ్లమ్మాయి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, ఎప్పుడూ నవ్వుముఖం. కాగితాలన్నీ తిరగేసి, ఇంక ఆలస్యం చేయకుండా ఈ ఏడే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకోమంది. ఎవులాలియా సంతోషించలేదు. నిన్నటిదాకా పట్టుకు వేలాడినవాళ్లు ఇవాళ తోసేస్తున్నారంటే ఇందులో ఏదో ఉందనుకుంది.

"నన్నంత తొందరగా పంపించేస్తే మీకేంటి లాభం?" అని మొహం మీదే అడిగింది.

"నాకేం లేదండీ. మీకే రెండేళ్లు కలిసొస్తాయి," అంది మై.

ఆ జవాబూ ఆమెకు నచ్చలేదు. లాభం లేకుండా ఎవరు పని చేస్తారు?

మార్చిలో యూనివర్సిటీ నుంచి సీటిచ్చామని ఉత్తరం వచ్చింది. భర్త రోహెలియో పొరుగువాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆమె మాత్రం ఉత్తరం మీదున్న నంబరు కాకుండా వేరే చోట వెతికి పట్టుకున్న నంబరుకు ఫోన్ చేసి, అది నిజంగా వాళ్లు పంపిందేనా అని కనుక్కుంది. నిజమేనన్నారు.

జూన్‌లో ఇంకో కబురొచ్చింది. మీవి ముప్పై ఎనిమిది యూనిట్లే కనబడుతున్నాయి, పది రోజుల్లో మిగతావి చూపించకపోతే సీటు రద్దు అని.

ఎవులాలియాకు ఒళ్లు మండిపోయింది. మార్కుల జాబితాలు పంపే బాధ్యత మైది. సగమే పంపిందన్నమాట. రోహెలియో కాస్త నిదానించమన్నాడు.

"ముందు ఆ అమ్మాయిని అడుగు లాలా. పొరపాటేమో."

"అడిగితే పంపాననే అంటుంది. పంపలేదని ఎవరు ఒప్పుకుంటారు?"

ఆ మధ్యాహ్నమే కాలేజీ డీన్‌కు మై మీద రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చింది. మర్నాడు షెడ్డుకు సెలవు పెట్టి, పాత పికప్‌లో గంటన్నర నడుపుకుంటూ యూనివర్సిటీకి పోయింది.

అక్కడి రికార్డుల ఆఫీసు కిటికీ దగ్గరున్న పెద్దాయన అన్నీ ఆన్‌లైన్లోనే చూసుకోవాలన్నాడు. ఆమె కదల్లేదు. నా పేరు మీద ఏమేమొచ్చాయో నా కళ్లతో చూస్తేగానీ పోనంది. వెనకాల వరస పెరుగుతోంది. ఆయన విసుక్కుంటూ తెర ఆమె వైపు తిప్పాడు.

తెర మీద ఎవులాలియా రియోస్ ఉంది. ముప్పై ఎనిమిది యూనిట్లు. ఇంటిపేరు వదిలేసి వెతకమంది ఆమె. ఇంకో ఫైలు తెరుచుకుంది. ఎవులాలియా బరగాన్, ఇరవై రెండు యూనిట్లు. పెళ్లికి ముందు చదివినవన్నీ పుట్టింటి పేరు మీదే ఉండిపోయాయి. ఇక్కడివాళ్లు ఆమెను ఇద్దరు మనుషులుగా లెక్కేశారు.

రెండు జాబితాలూ ఫిబ్రవరిలో ఒకే రోజు పంపినవే. వాటితోపాటు మై రాసిన కాగితం కూడా ఉంది, ఈ ఇద్దరూ ఒకే మనిషి, కలిపి చూడండి అని. ఏప్రిల్‌లో మళ్లీ అడిగింది. మేలో మళ్లీ. దేనికీ జవాబు లేదు.

ఎవులాలియా ఆ మూడు ఉత్తరాలనూ నిలబడే చదివింది. అయినా రెండు ఫైళ్లూ కలిపేశామని ఆయనంటే నమ్మలేదు. పై అధికారి వచ్చి అరవై యూనిట్లు ఒప్పుకున్నట్టు రాసి సంతకం పెట్టేదాకా కిటికీ వదల్లేదు. ఎవరి మీద అనుమానపడాలన్న దగ్గర పొరబడ్డానుగానీ, అనుమానమైతే ఊరికే పోలేదని తిరుగు దారిలో తనకు తాను చెప్పుకుంది. మనసుకు ఊరట కలగలేదు.

మర్నాడు పొద్దున్నే మై గదికి వెళ్లింది. ఫిర్యాదు నకలు మై బల్ల మీదే ఉంది.

"చదివాను," అంది మై. ముఖంలో నవ్వు లేదు. "నా పేరు మాత్రం తప్పుల్లేకుండా రాశారు."

"వెనక్కి తీసుకుంటాను తల్లీ. నాది తప్పు," అని ఎవులాలియా యూనివర్సిటీ కిటికీ దగ్గర జరిగిందంతా చెప్పింది.

మై ఫిర్యాదు నకలును ఆమె వైపు జరిపింది.

"వెనక్కి తీసుకోవద్దు, మార్చి రాయండి. మూడుసార్లు రాసినా అక్కడ చదివే దిక్కు లేదని రాయండి. ఇలా పేరు మారి సీటు పోయినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. నా మాట ఎవరూ పట్టించుకోలేదు. మీరైతే కిటికీ దగ్గరే నిలబడతారు."

తనను పొగుడుతోందా, వాడుకుంటోందా? ఎవులాలియా కాసేపు తేల్చుకోలేకపోయింది. చివరికి కుర్చీ లాక్కుని కూర్చుని, పెన్ను అడిగి తీసుకుంది. మై మీద రాసింది కొట్టేసి, రెండు పేజీలు కొత్తగా రాసి కాలేజీకీ యూనివర్సిటీకీ పంపింది. ఆ నలుగురిలో ఇద్దరికి ఆ ఏడే సీట్లు తిరిగొచ్చాయి. మిగతా ఇద్దరూ అప్పటికే చదువు వదిలేసి ఎటో వెళ్లిపోయారట.

ఆగస్టులో యూనివర్సిటీ మొదటి క్లాసుకు ఎవులాలియా ముప్పావుగంట ముందే పోయింది. పక్క సీట్లో కుర్రది, ఇదే గది అంది. క్లాసు వేళకు గది నిండిపోయినా నమ్మకం కుదరక లేచి బయటికెళ్లి తలుపు మీది అంకె చూసుకుని వచ్చింది. ఈలోగా ఆ సీట్లో ఇంకెవరో కూర్చున్నారు. చివరి వరసలో మెట్టు మీద సర్దుకుని నోట్‌బుక్ తెరిచింది. పాఠం మొదలైంది.