పాప రాసిచ్చిన వరుస నేను మార్చాను

నాలుగేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి. ఆ మాట లోపలికీ పోదు, బయటికీ రాదు. నేను అయిదో తరగతి దాకానే చదివాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బద్వేలు దగ్గర పల్లె. నా బిడ్డ పేరు ఎస్తేరు. దానికి ఏడేళ్లప్పుడు వాళ్ల నాన్న చనిపోయాడు. నేను ఇళ్లలో పనికి కువైట్ పోయాను. ఎనిమిదేళ్లు. అక్కడ ఎవరి పిల్లలకో స్నానాలు చేయించాను, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. నా బిడ్డకు జడ వేసింది మా అమ్మ. నేను తిరిగొచ్చేసరికి అది పదో తరగతిలో ఉంది, తన జడ తనే వేసుకుంటోంది. ఆ ఏడాదే మా అమ్మ కూడా పోయింది. తర్వాత ఇంటర్ రెండేళ్లు మేమిద్దరమే. దానికి ఊహ తెలిశాక, అప్పటికి బిడ్డతో నేను ఉన్నది ఆ కాస్తే. దీన్ని సాకుగా చెబుతున్నానా? అవుననే అనుకుంటాను. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఇంజనీరింగు పరీక్షలో దానికి మంచి ర్యాంకు వచ్చింది. ఏ కాలేజీలు కావాలో వరుసగా పెట్టుకోవాలంట. పైన పెట్టినదాన్ని ముందు చూస్తారంట. ఎస్తేరు విశాఖపట్నం కాలేజీని మొదట రాసింది, కడపది ఆరోది. నెట్ సెంటర్‌కు పోవాల్సిన రోజు దానికి జ్వరం వచ్చింది. గడువు ఆ రోజుతో సరి. కాగితం నా చేతికిచ్చి, బద్వేలులో ఇది చూపించు, ఫోనుకు వచ్చే నంబరు చెప్పు, మిగతాది వాళ్లే చేస్తారు అంది.

నెట్ సెంటరాయన కాగితం చూసి, ఈ ర్యాంకుకు మొదటిదే వస్తుందక్కా, ఇంక పెట్టె సర్దుకోండి అని నవ్వాడు. పెట్టె అనగానే నాకు ఇంకో పెట్టె గుర్తొచ్చింది. నేను కువైట్ పోయిన రోజు ఎస్తేరు నా పెట్టె మీదెక్కి కూర్చుంది. దిగనంటే దిగనంది. మా అమ్మ గుంజి తీసింది.

కడపది పైకి పెట్టప్పా అన్నాను. ఆయన నా వైపు చూశాడు. పాప మనసు మార్చుకుందని చెప్పాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. ఆయన ఇచ్చిన ప్రింటును బస్టాండు చేరకముందే చించేశాను. ఇంటికొచ్చి, ప్రింటరు చెడిపోయిందంట అన్నాను. ఎస్తేరు నమ్మింది. చెప్పింది అమ్మ కదా.

తర్వాత పది రోజులు సీటు మెసేజు కోసం చూసింది. మీ ఇంట్లో అట్లాంటి బిడ్డ ఉంటే మీకు తెలిసే ఉంటుంది. అన్నం కలిపి వదిలేసేది. గోళ్లు కొరికి కొరికి వేళ్లు ఎర్రబడ్డాయి. మెసేజు వచ్చేది నా ఫోనుకే. దాన్ని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చునేది. అట్ల పొదుగుతాండావు, పిల్లలు లేస్తాయా ఏంది అని నవ్వించబోయాను. పాపం, నవ్వింది కూడా.

శుక్రవారం ఉపవాస ప్రార్థన చేద్దాం మా అంది. ఇద్దరం సాయంత్రం దాకా నీళ్లు కూడా ముట్టలేదు. పక్కపక్కనే మోకాళ్ల మీద ఉన్నాం. అది విశాఖపట్నం కావాలని అడుగుతోంది. నేనేం అడిగాను? దానికి తెలియకుండా చూడమని అడిగాను. దేవుణ్ణి కూడా నా తప్పులోకి లాగాను.

ప్రార్థన అయ్యాక నా భుజం మీద తల వాల్చింది.

"మా, నాకు ఆ సీటు వస్తాదంటావా?"

"వస్తాదిలే."

"ఊరికే అంటాండావు నువ్వు."

"ఊరికే ఎందుకంటా పాపా?"

"సరే. నువ్వన్నావంటే వచ్చినట్టే. ఇంగ నాకు బయం లేదు."

ఆ పూట కడుపునిండా తినింది. నేను చూస్తూ కూర్చున్నాను. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? గడువు దాటిపోయింది, చెప్పి ఏం లాభం అనుకున్నాను. లాభం ఉండేది. అమ్మను తిట్టుకునేది, తనను తాను తక్కువ చేసుకునేది కాదు.

మెసేజు వచ్చింది. కడప. ఎస్తేరు ఫోను నా చేతికి తిరిగిచ్చింది. తర్వాత, నా ర్యాంకు చాల్లేదేమోలే మా, నువ్వేం బాధపడాకు అని తనే నాకు ధైర్యం చెప్పింది.

మా చర్చిలో ఎవరికైనా మేలు జరిగితే ఆదివారం లేచి సాక్ష్యం చెబుతారు. నేనూ లేచాను. దేవుడు నా బిడ్డను నా దగ్గరే ఉంచాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఎస్తేరు కూడా అంది, తల వంచుకుని.

ఆ తర్వాతి నాలుగేళ్లు నాకు ఎంత బాగున్నాయో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. పొద్దున కడప బస్సుకు ముందు నా ముందు కూర్చుని జడ వేయించుకునేది. దాని తల నూనె వాసన నా చేతులకు మధ్యాహ్నం దాకా ఉండేది.

ఇప్పుడు చదువు అయిపోయింది. పై చదువుకు మళ్లీ కాలేజీల వరుస రాస్తోంది. నిన్న చూశాను. అన్నీ చుట్టుపక్కలవే. విశాఖపట్నం రాయలేదేమే అని అడిగాను. అయి నాలాంటోళ్లకు రావులే మా అంది. మామూలుగా అంది, కూర బాగుందన్నట్టు. నేను తీసేసింది ఒక్క కాలేజీనే అనుకున్నాను ఇన్నాళ్లూ.

గడువు ఇంకా మూడు రోజులుంది. దాని మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు, అందుకే ముందు మీకు రాశాను. ఈ కాగితాలే దాని చేతికిస్తాను. క్షమించమని అడగను. అడిగితే ఒప్పుకుంటుంది, అది అట్లాంటి పిల్ల. అందుకే అడగకూడదు.

ఎస్తేరూ, నీ ర్యాంకు సరిపోయింది. నీ సీటు తీసేసింది నేను.

రాశాను. ఊపిరి బాగా ఆడుతోంది. అది బయట బట్టలు ఆరేస్తోంది. పిలుస్తున్నాను.