అది చేప కాదని నాకెలా తెలుసంటే

మా అత్తగారు డెబ్బై మూడేళ్ళ వయసులో, వియత్నాంలోని సైగాన్ నడిబొడ్డున, ఇస్త్రీ చెదరని వెంకటగిరి చీరలో, ముక్కూ మొహం తెలియని ఒకావిడ స్కూటర్ వెనక కాళ్ళు రెండూ ఒకే పక్కకు పెట్టుకుని షికారు చేశారు. ఈ మాట కెనడాలో, మా ఓక్‌విల్‌లో స్నేహితులెవరికి చెప్పినా నమ్మరు. నమ్మకపోతే పోనీ. ఆ సాయంత్రం గురించి మా ఇంట్లో చలామణీ అవుతున్న కథ వేరే ఉంది. విదేశంలో తిండి దగ్గర మోసపోబోయి తప్పించుకున్నామని మా ఆయన అందరికీ చెబుతుంటారు. అది అబద్ధం. అక్కడ ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. మోసం చేసిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే, అదీ అక్కడ కాదు.

నేను భీమవరం పక్కన చేపల చెరువుల మధ్య పుట్టి పెరిగాను. మా ఇంట్లో కూర అంటే చేపే. మా ఆయనవాళ్ళు గుడ్డు పేరు కూడా ఇంట్లో ఎత్తనివాళ్ళు. ఇంజనీరింగులో ప్రేమించుకున్నాం, ఇద్దరి ఇళ్ళలోనూ నానా గొడవా అయ్యాక పెళ్ళి చేసుకున్నాం. కాపురానికి వెళ్ళిన రోజు అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, కోపంగా కాదు, మెత్తగానే అన్నారు. "ఆ నీచు మానెయ్యాలమ్మా. ఇంకేమీ అడగను నిన్ను." నేను సరే అన్నాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో ప్రేమ కోసం ఏదైనా మానెయ్యగలననిపిస్తుంది.

మానెయ్యలేకపోయాను. కెనడా వచ్చి ఇద్దరం ఐటీ ఉద్యోగాల్లో కుదురుకున్నాం, ఇల్లు కొనుక్కున్నాం, మామగారు పోయాక అత్తగారు మా దగ్గరికే వచ్చేశారు. నెలకో శనివారం సరుకులకని టొరంటో అవతలి కొసన ఉన్న స్కార్‌బరో వెళ్ళేదాన్ని. అక్కడ ఒక శ్రీలంకవాళ్ళ కొట్లో చేపల కూర, అన్నం కట్టించుకుని, ప్లాజా వెనక కారు ఆపుకుని తినేదాన్ని. వాసన పట్టకూడదని జనవరిలో కూడా నాలుగు అద్దాలూ దించేదాన్ని. ఒక చేతికి గ్లవ్, ఒక చేతికి పులుసు. తిన్నాక రెండు లవంగాలు నమిలి, ఓక్‌విల్ దాకా గంటసేపు అద్దాలు దించే ఉంచి డ్రైవ్ చేసి ఇంటికి చేరేదాన్ని. నాకు జలుబు ఎందుకు తగ్గదో మా డాక్టరుకు ఎప్పటికీ అంతుపట్టలేదు. మా ఆయనకు మాత్రం తెలుసు. తెలిసీ తెలియనట్టుండడంలో ఆయనంత ఆరితేరిన మనిషిని నేను చూడలేదు.

హైదరాబాద్‌లో ఒక పెళ్ళికి వెళ్ళి తిరిగివస్తూ మూడు రోజులు సైగాన్‌లో ఆగుదామన్నది మా అమ్మాయి. తను లండన్‌లో చదువుతోంది. ఒంటారియోలో ఉన్న మన లండన్‌లోనే. సాయంత్రం పూట స్కూటర్ల మీద తిప్పుతూ వీధి తిండి రుచి చూపించే టూర్ ఒకటి తనే వెతికింది. నడిపేవాళ్ళందరూ ఆడవాళ్ళే కాబట్టి నాన్నమ్మ కూడా ఎక్కుతుందంది. ఫారం మా ఆయన నింపారు. నలుగురమూ వెజిటేరియన్ అని టిక్కు పెట్టారు. నన్నడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఆయనకు వచ్చి ఉండదు.

ఆ రోజు పౌర్ణమి. అత్తగారు పౌర్ణమికి పగలంతా ఉపవాసం ఉండి రాత్రికి ఫలహారం చేస్తారు. ఎలా కుదురుతుందా అనుకుంటుంటే, మా గైడు హెల్మెట్లు పంచుతూ ఒక శుభవార్త చెప్పింది. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, ఇంతకు ముందు బడిలో ఇంగ్లిష్ చెప్పేదట. వాళ్ళ లెక్కలోనూ ఆ రోజు నెల పదిహేనో రోజేనని, చాలామంది మాంసం ముట్టరని, ఎక్కడ చూసినా శాకాహారం దొరుకుతుందని చెప్పింది. తను కూడా ఆ రోజు ముట్టదట. అత్తగారికి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, ఎంత దూరం వచ్చినా పౌర్ణమి పౌర్ణమే," అన్నారు నాతో. ముడి మీద హెల్మెట్ కూర్చోక ఇబ్బంది పడుతుంటే గైడే సర్దిపెట్టింది. నలుగురం నాలుగు స్కూటర్లెక్కాం. అత్తగారిని గైడు ఎక్కించుకుంది.

ఆ ఊళ్ళో స్కూటర్లకు అంతు లేదు. సిగ్నల్ పడగానే అన్నీ ఒక్కసారి కదులుతాయి, ఎవరూ ఎవరికీ తగలరు. ముందు స్కూటర్ మీంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది. "నెమ్మదమ్మా, నెమ్మది!" అని తెలుగులోనే అరుస్తున్నారు, నవ్వుతున్నారు కూడా. ఆవిడ అలా పగలబడి నవ్వడం నేనెప్పుడూ వినలేదు. కొట్ల ముందు చిన్న బల్లల మీద పువ్వులు, పళ్ళు పెట్టి ఊదొత్తులు వెలిగించారు. మొదట ఒక సందులో బియ్యప్పిండితో పలచగా పోసిన పసుపు రంగు అట్టు తిన్నాం, లోపల మొలకలు, పుట్టగొడుగులు. అన్నం కాదు కాబట్టి ఫలహారం కిందే లెక్కన్నారు అత్తగారు. ఇంకో అట్టు అడిగి మరీ వేయించుకున్నారు.

గొడవ రెండో చోట జరిగింది.

అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ పీటల మీద కూర్చున్నాం. ఒక మట్టి చట్టిలో మిరియాల పులుసు పొగలు కక్కుతూ వచ్చింది. గైడు ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు వేసింది. అత్తగారు ఒక ముక్క తినేసి, రెండోది కాస్త కొరికి, తిప్పి చూశారు. నల్లటి తోలు. మడత మడతగా ఉన్న లోపలి కండ. పైగా సముద్రపు వాసన. ఆవిడ చేతిలోది వదిలేసి, లేచి నిలబడి, నోట్లోది చేతి రుమాల్లోకి ఉమ్మేశారు.

"చేప పెట్టింది! పౌర్ణమి పూటా నాకు చేప పెట్టింది!"

గైడు మొహం పాలిపోయింది. ఇది సోయా అని, సోయాపాల మీద మీగడలా తేలిన పొరల్ని చుట్టి చేస్తారని, పైనున్నది తోలు కాదు, సముద్రపు నాచు అని ఇంగ్లిష్‌లో రెండుసార్లు చెప్పింది. అంగడామె లోపల్నుంచి సోయా పొరల కట్ట తెచ్చి చూపించింది. మావాళ్ళు వింటేగా. మా ఆయన ఫోన్ తీశారు.

"వెజిటేరియన్ అని రాతపూర్వకంగా ఇచ్చాను. కంపెనీకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా. దీని ఉద్యోగం ఊడుతుంది."

ఆ మాట ఇంగ్లిష్‌లోనే అన్నారు. గైడు చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఇద్దరు పిల్లలని అంతకు ముందే చెప్పింది కదా. నాకు ఒళ్ళు మండింది. చట్టిలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాను.

"ఇది చేప కాదు," అన్నాను.

"నీకేం తెలుసు?" అన్నారు అత్తగారు. "నువ్వు మానేసి పాతికేళ్ళు దాటింది. రుచి గుర్తుంటుందా?"

తప్పించుకోవడానికి దారి ఉంది. చిన్నప్పుడు తిన్నాను కదా, గుర్తుందంటే సరిపోయేది. కానీ వాళ్ళు నమ్మేవారు కాదు, ఆ ఫోన్ ఆగేది కాదు. అంతకన్నా పెద్ద కారణం, నాకే ఇక ఓపిక లేదు.

"మానెయ్యలేదు అత్తయ్యా. పోయిన నెల కూడా తిన్నాను. చేప ఉడికితే రేకులు రేకులుగా విడిపోతుంది. ఇది సాగుతోంది. చేపైతే నములుతుంటే గొంతులో వాసన తెలుస్తుంది, దీనికి పైన నాచు వాసన తప్ప లోపల ఏమీ లేదు. ఒక్క ముల్లు లేదు. ఈవిడ నిజం చెబుతోంది. ఆ ఫోన్ లోపల పెట్టండి."

చివరి మాట మా ఆయనతో అన్నాను. ఆయన పెట్టేశారు. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తోంది. "అమ్మా, ఆర్ యూ సీరియస్?"

అత్తగారు నావైపు తిరిగారు. ఒక్కొక్క మాటే కూడగట్టుకుని అడిగారు.

"ఇన్నేళ్ళూ నా వంటింట్లో..."

"వంటింట్లో కాదు. కార్లో."

"ఆ చేత్తోనే నా పూజసామాను తోమావా?"

"తోమాను. సబ్బుతో కడుక్కునే తోమాను."

మా ఆయన ఆవిణ్ణి టాక్సీలో హోటల్‌కు తీసుకెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ నావైపు ఒక చూపు చూశారు, ఇప్పుడు అవసరమా ఇదంతా అన్నట్టు. అవసరమే. ఆ గైడు కూడు పోతుంటే నా పరువు దాచుకుని కూర్చోనా? అయినా నేను అంత గొప్పదాన్నేమీ కాదు, సగం ఆవిడ కోసం, సగం నా కోసం చెప్పాను.

నేనూ మా అమ్మాయీ ఉండిపోయాం. గైడు నాకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పిందో. ఇంక ఎక్కడికి వెళదాం అని అడిగింది. అసలు చేప దొరికేచోటికి తీసుకెళ్ళమన్నాను.

కాలవ పక్కన బొగ్గుల మీద చేపలు కాలుస్తున్న చోట ఆపింది. పళ్ళెంలో తెచ్చి పెట్టాక తల చూసి గుర్తుపట్టాను. కొర్రమీను. మా ఊరి చెరువుల్లో బురదలో దాక్కునే ఆ కొర్రమీనే, పాములాంటి ఆ తలే. ఇంత దూరంలో మా ఊరివాళ్ళెవరో ఎదురుపడ్డట్టయింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. గైడు పౌర్ణమి కాబట్టి తినలేదు. కాగితంలా పలచటి బియ్యప్పిండి రేకులో ఆకులు పెట్టి, చేప పెట్టి ఎలా చుట్టాలో చూపించి, తను చెరుకు రసం తాగుతూ కూర్చుంది. నేను చుట్టటం మానేసి చేత్తోనే తిన్నాను.

మా అమ్మాయి తినలేదు. జంతువుల్ని చంపి తినడం తనకు ఇష్టం లేదని, అది నాన్నమ్మ కోసం కాదని, తన సొంత నిర్ణయమని చెప్పింది. చేప తల వైపు చూడకుండా కుర్చీ పక్కకు తిప్పుకుంది. కానీ లేచి వెళ్ళలేదు.

"బట్ వై ఇన్ ద కార్?" అని అడిగింది. "ఇట్స్ యువర్ హౌస్ టూ."

ఇంట్లో శాంతి కోసం అన్నాను. ఎవరి శాంతి అంది. ఇరవై ఏళ్ళ పిల్ల అలా అడిగితే నాకు సిగ్గేసింది. తిన్నందుకు కాదు, దొంగలా తిన్నందుకు. మా అమ్మ చేపలో ముళ్ళు ఏరి నాకు ముద్దలు పెట్టిన సంగతి, తను పుట్టకముందు ఈ చేతులు ఎంత బాగా చేప కోసేవో, అప్పుడు చెప్పాను. నా కూతురికి నా గురించి ఏమీ తెలియకుండా పెంచానని అక్కడ అర్థమైంది.

ఓక్‌విల్ తిరిగొచ్చాక అత్తగారు నా చేతి వంట తినడం మానేశారు. మా ఆయనకు వచ్చింది ఉప్మా, టమాటా పప్పు. ఆ రెండే మార్చి మార్చి వండిపెట్టారు. పది రోజుల తరవాత ఆయన గ్యారేజ్‌లో ఒక గ్యాస్ బర్నరు బిగించి నన్ను పిలిచి చూపించారు.

"ఇక్కడ వండుకో. నాకేం అభ్యంతరం లేదు. వాసన ఇంట్లోకి రాదు."

ఈ ఏర్పాటు మా వీధిలో చాలామంది మనవాళ్ళ ఇళ్ళలో ఉంది. వింటర్ టైర్ల పక్కన, మంచు తోసే పారల పక్కన, జాకెట్లు వేసుకుని చేపలు వేయించుకుంటారు. వాళ్ళను నేనేమీ అనను, ఎవరి ఇబ్బందులు వాళ్ళవి. కానీ ఇన్నేళ్ళు కార్లో తిన్న మనిషికి కారు నిలబెట్టే చోటికి ప్రమోషన్ ఇచ్చి దయ చూపించాననుకుంటున్న ఆయన్ను చూస్తే నవ్వొచ్చింది.

"నా కూర నా వంటింట్లోనే ఉడుకుతుంది," అన్నాను. "అత్తయ్య గిన్నెలు ముట్టుకోను. పూజ గది పక్కన ఆవిడకు వేరే ఇండక్షన్ స్టవ్ పెడతాను. అది ఆవిడ హక్కు. ఈ పొయ్యి మీద నాకూ హక్కుంది."

ఆ శనివారం స్కార్‌బరోలో బంగ్లాదేశ్‌వాళ్ళ కొట్లో శీలావతి చేప ముక్కలు కొన్నాను. కొట్టు వెనక కారు ఆపలేదు, నేరుగా ఇంటికొచ్చాను. కొత్త గిన్నెలో పులుసు పెట్టాను. చింతపండు, పచ్చిమిర్చి, దించేముందు కొత్తిమీర, అచ్చం మా అమ్మ పెట్టినట్టు. మా ఆయన ఏదో పని గుర్తొచ్చిందని బయటికెళ్ళిపోయారు. మధ్యాహ్నం ఒంటిగంటకు డైనింగ్ టేబుల్ దగ్గర ఒక్కదాన్నే కూర్చుని అన్నం కలుపుకున్నాను. మెట్ల మీద అలికిడైంది. అత్తగారు సగం మెట్లు దిగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కొన్ని రోజుల్లోనే చిక్కిపోయారు. నాకు జాలేసింది, అయినా లేవలేదు.

"నీతో మాట్లాడాలని కాదు," అన్నారు. "ఒక్కటి చెప్పు. ఆ వేళ నేను తిన్నది చేప కాదు కదా?"

ఇన్ని రోజులూ ఆవిణ్ణి తిననివ్వనిది అదేనని అప్పుడు తెలిసింది. ఆ ముక్క మింగారు కదా పాపం. ఆ బెంగతో ఫోన్‌లో ఎంతమంది పంతుళ్ళను అడిగారో. నేను చేపేనంటే చాలు, ఆవిడ బతికినంత కాలం ఆ పౌర్ణమి ఆవిణ్ణి వదలదు. ఒక్క క్షణం ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం చెప్పను.

"కాదు అత్తయ్యా. సోయానే."

"నీ మాట ఎలా నమ్మమంటావు? ఇన్నేళ్ళు అబద్ధమాడావు."

"అబద్ధమాడినన్నాళ్ళూ నమ్మారు. ఇప్పుడు నీచు తింటూ, మీ ఎదురుగా కూర్చుని నిజం చెబుతున్నాను. చేప రుచి తెలిసినదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. మీ పౌర్ణమికి నేను తప్ప వేరే సాక్షి లేదు."

ఆవిడ నా కంచం వైపు చూశారు. పక్కన పెట్టిన ముళ్ళ వైపు చూశారు. "సరే," అన్నారు. నేను ఇరవై నాలుగేళ్ళ వయసులో అన్న మాటే, అంత చిన్నగానూ అన్నారు. మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయారు. నేను ఇంకాస్త అన్నం పెట్టుకుని, పులుసు పోసుకున్నాను.